శ్రమల వారంలో వంకరపోయిన ముఖం

 ఈ సంగతి వ్రాయమని మా అయ్యగారు చాలా కాలంగా అడుగుతున్నారు. ఒక్క ముఖం సంగతే అయితే ఎప్పుడో వ్రాసి పంపేవాణ్ణి. దానితోపాటు ఒప్పుకోవలసినవి మరి రెండున్నాయి. వాటి వల్లనే ఇన్నేళ్ళు పట్టింది.

అది 2009 ఏప్రిల్ 5, మట్టల ఆదివారం. చీకటితోనే లేచి పెరట్లో పళ్ళు తోముకొని నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు నోట్లో నిలవడం లేదు. కుడివైపు నుంచి కారి బనీను మీద పడుతున్నాయి. నిద్రమత్తు అనుకున్నాను. ఇంతలో మా ఆవిడ కాఫీ గ్లాసు తెచ్చి, నన్ను చూసి, గ్లాసు గట్టుమీద పెట్టేసింది.

"ఏమండీ, మూతి అలా పోయిందేమిటి?"

లోపలికి వెళ్ళి అద్దంలో చూసుకున్నాను. ఎడమ సగం నా ముఖమే. కుడి సగం ఎవరిదో అన్నట్టుంది. చెంప జారిపోయింది, నుదుటి మీద ముడత లేదు. కళ్ళు మూసుకోమంది. మూసుకున్నాననే అనుకున్నాను. "కుడి కన్ను మూతపడలేదండీ, తెల్లగుడ్డు కనబడుతోంది" అని ఏడ్చేసింది. ప్రార్థన చేద్దామని నోరు తెరిచాను. "ప్రభువా" అన్న మాట రాలేదు. ప, బ, మ అనాలంటే రెండు పెదవులూ కలవాలి. ముప్పై ఏళ్ళు పిల్లలకు అక్షరాలు దిద్దించినవాణ్ణి, ఆ అక్షరాలకు పెదవులతో ఎంత పని ఉందో ఆ ఉదయమే తెలుసుకున్నాను.

నేను బడిపంతులును, సంఘంలో పెద్దను, గాయక బృందంలో ముందు గొంతు నాది. ఆ సంవత్సరం శుభ శుక్రవారం ఆరాధనలో ఏడు మాటలను ఏడుగురికి పంచినప్పుడు నాకు ఐదవ మాట వచ్చింది. అది దాహాన్ని గురించిన మాట అని మీకు తెలుసు. దానికోసం రెండు వారాలుగా రాత్రిళ్ళు కూర్చుని సిద్ధపడుతున్నాను. నాలుగైదుసార్లు లేచి చెంబుడు నీళ్ళు త్రాగడం, పెరట్లోకి వెళ్ళి రావడం, మళ్ళీ వాక్యం ముందు కూర్చోవడం. "దాహాన్ని ధ్యానిస్తుంటే నాకూ దాహం పట్టుకుంది" అని మా ఆవిడతో నవ్వుతూ అన్నాను కూడా.

ఆ ఆదివారం పిల్లలు ఈతమట్టలు పట్టుకుని మా వాకిలి ముందునుంచే పాడుకుంటూ పోయారు. నేను తలుపు వేసుకుని లోపల కూర్చున్నాను.

తరువాత రెండు రోజులూ ఊళ్ళో జరిగినదంతా వ్రాయను, మీ ఊళ్ళలోనూ అదే జరుగుతుంది. ఊరి డాక్టరు పక్షవాతమన్నాడు, బలానికని సూది వేశాడు. వసారాలో పడుకుంటే గాలి కొట్టిందని ఒకరన్నారు. పావురం రక్తం రాస్తే మూతి తిన్నగా వస్తుందని మరొకరు బ్రతికున్న పావురాన్నే గంపకింద మూసి తెచ్చారు. సాయంత్రం మా అమ్మాయి గంప ఎత్తేసింది. ఆ వారంలో మా ఇంట్లో సుఖపడిన ప్రాణి అదొక్కటే. ప్రార్థన చేయడానికి వచ్చిన ఒక తల్లి వెళుతూ వెళుతూ గుమ్మంలో, "పెద్దగారు ఆ నోటితో ఎవరినో నొప్పించి ఉంటారు" అంది. జబ్బు పాపానికి శిక్ష అని నేను నమ్మను. పుట్టుగుడ్డివాణ్ణి గురించి శిష్యులు అడిగితే ప్రభువు ఇచ్చిన జవాబు నాకు చాలు. అయినా ఆ మాట గుచ్చుకుంది. ఎందుకో ముందు చెబుతాను.

మంగళవారం ఉదయం అయ్యగారు వచ్చారు. కూర్చోలేదు. "ప్రార్థన దారిలో చేసుకుందాం, చొక్కా వేసుకోండి" అని మా ఇద్దరినీ బస్సెక్కించి పట్నంలో మిషన్ ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ఈ జబ్బుకు మందు మొదటి మూడు రోజుల లోపల మొదలుపెడితేనే ఎక్కువ మేలు అని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. మేము మూడో రోజున వెళ్ళాము.

డాక్టరమ్మ గారు చిన్న వయసు మనిషి, తొందరపాటు లేదు. కనుబొమలు ఎత్తమన్నారు, కళ్ళు గట్టిగా మూయమన్నారు, పళ్ళు చూపించమన్నారు, బుగ్గలు పూరించమన్నారు. చేతులూ కాళ్ళూ కదిలించి చూశారు. "ఇది మెదడులో వచ్చిన పక్షవాతం కాదు మాస్టారూ. అదైతే మామూలుగా నుదురు కదులుతుంది, మూతి ఒక్కటే పోతుంది. మీకు నుదురు కూడా ఆగిపోయింది. ముఖానికి వచ్చే నరమే దెబ్బతింది" అన్నారు. చెవి వెనుక ఎముకలో ఇరుకైన గొట్టంలాంటి దారి ఉంటుందట. ముఖాన్ని నడిపించే నరం ఆ దారిగుండా వస్తుంది. నరం వాచిందంటే చుట్టూ ఎముకే కాబట్టి అది జరగడానికి చోటుండదు, తనంతట తానే నలిగిపోతుంది.

దీన్ని బెల్స్ పాల్సీ అంటారని ఊళ్ళో ఒక కుర్రవాడు చెప్పి ఉన్నాడు. బెల్ అంటే గుడి గంట అనుకున్నాను నేను. కాదట, సర్ చార్లెస్ బెల్ అని స్కాట్లాండు వైద్యుడు, 1821లో ఈ నరాన్ని గురించి వివరించి వ్రాశాడట. "ఆ పేరు అప్పుడే పెట్టకండి" అన్నారు డాక్టరమ్మ గారు. "ఏ కారణమూ దొరకనప్పుడు పెట్టే పేరది. ముందు వెతకాలి."

ఆ వెతకడం నేను మరచిపోలేను. చెవిలో లైటు వేసి చూశారు, చీము కారేదా అని అడిగారు. చెవి చుట్టూ నీటిపొక్కులు ఉన్నాయేమో చూశారు. చెవి కింద దవడ దగ్గర గడ్డ ఏదైనా తగులుతుందేమోనని వేళ్ళతో నొక్కారు. బీపీ చూశారు. మీకు ఇష్టమైతేనే అని చెప్పి హెచ్ఐవి పరీక్ష గురించి కూడా అడిగారు. సంఘ పెద్దను, నన్నా అని ఒక్క క్షణం రోషం వచ్చింది. అందరినీ అడుగుతామన్నారు, ఒప్పుకున్నాను. ఆ తరువాత చొక్కా తీయమని, వీపూ చేతులూ వెలుతురులో తిప్పి చూస్తూ, మోచేతి వెనుక నరాన్ని వేలితో తడుముతూ, "ఒంటిమీద స్పర్శ తెలియని మచ్చ ఎక్కడైనా ఉందా?" అన్నారు.

నా గుండె జారిపోయింది. ఆ ప్రశ్న దేన్ని గురించో నాకు తెలుసు. కుష్ఠు రోగం కూడా ఈ నరాన్ని పట్టుకుంటుంది. ముఖ్యంగా కంటిరెప్పకు వెళ్ళే కొమ్మను. ఆమె దూదితో తాకి చూస్తున్న ఆ రెండు మూడు నిమిషాలూ నేను ఏమేమి ఆలోచించానో చెబితే మీరు నమ్మరు. గుళ్ళో నా చోటు ఎక్కడికి మారుస్తారో అని ఆలోచించాను.

మచ్చలేవీ లేవు. డాక్టరమ్మ గారు వెళ్ళి కుర్చీలో కూర్చుని, కలం తీసుకుని, "షుగర్ ఉందా మాస్టారూ?" అన్నారు.

"లేదమ్మా" అన్నాను.

మా ఆవిడ ఏమీ అనలేదు. చేతిసంచి తెరిచి, నాలుగు మడతల కాగితం ఒకటి తీసి బల్లమీద పెట్టింది.

ఆ కాగితం సంగతి ఇది. 2006లో మా గుడి ఆవరణలో కంటి శిబిరం పెట్టారు. శుక్లాల ఆపరేషను చేసేవాళ్ళకు ముందుగా షుగర్ చూస్తున్నారు. పేర్లు వ్రాసే పని నాది. మధ్యాహ్నం కాస్త తీరిక దొరికితే, పరీక్ష చేసే కుర్రవాడు "మీకూ చూస్తాను రండి సార్" అని వేలిమీద గుచ్చాడు. 218 వచ్చింది. ఆసుపత్రికి వెళ్ళి సరిగ్గా చూపించుకోమని చీటీమీద వ్రాసి ఇచ్చాడు. నేను దాన్ని కీర్తనల పుస్తకంలో పెట్టుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. మా నాన్నగారు షుగరుతో కాలు తీయించుకుని పోయారు. ఆ మాట మళ్ళీ మా ఇంట్లో వినబడకూడదనుకున్నాను. ప్రార్థన చేస్తున్నాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ప్రార్థన కూడా చేయలేదు, ఆ సంగతి ప్రభువుతో సైతం ఎత్తలేదు. మూడేళ్ళు ఆ పుస్తకం పట్టుకుని సంఘం ముందు నిలబడి పాడాను, చీటీ లోపలే ఉంది.

నేను పాడలేకపోయిన మట్టల ఆదివారం నాడు నా పుస్తకం మా ఆవిడ గుడికి తీసుకువెళ్ళింది. అక్కడ తెరిచింది. రెండు రోజులు ఆ కాగితాన్ని దగ్గర పెట్టుకుని, నేనే చెబుతానేమోనని చూసిందట. ఆ మాట తరువాత ఎప్పుడో చెప్పింది. దెప్పిపొడుపుగా చెప్పలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

ఆ పూట నా రక్తంలో షుగర్ 376. మూడు నెలల సరాసరి చెప్పే పరీక్ష ఒకటుంది, హెచ్‌బీఏ1సి అంటారు, అది పదకొండు దాటింది. అరికాలిమీద సన్నని దారంలాంటిదానితో గుచ్చి చూస్తే చాలాచోట్ల నాకు తెలియలేదు. రాత్రుళ్ళు నాకు వేసిన దాహం వాక్యధ్యానం వల్ల వచ్చింది కాదని మీరు ఈపాటికి గ్రహించే ఉంటారు.

"షుగరు వల్లనే మూతి వంకరపోయిందా అమ్మా?" అని మా ఆవిడ అడిగింది. డాక్టరమ్మ గారు అవునని తేల్చి చెప్పలేదు. షుగర్ ఉన్నవాళ్ళలో ఈ జబ్బు మిగతావారికంటే ఎక్కువగా వస్తుందని, నరాలకు రక్తం అందించే సన్నని నాళాలు పాడైపోతాయని, అందుకే తగిలిన దెబ్బనుంచి నరం నెమ్మదిగా కోలుకుంటుందని చెప్పారు. బీపీ ఉన్నవాళ్ళకూ, నెలలు నిండుతున్న గర్భిణీలకూ కూడా ఇది వస్తుందట. "మూతి కాబట్టి మూడో రోజున వచ్చారు. మూత్రపిండమైతే మూతిలాగా కనబడదు కదా" అన్నారు.

చిక్కు ఇంకొకటి వచ్చింది. నరం వాపు తగ్గించే మందు స్టిరాయిడ్. అది షుగరును పెంచుతుంది. అందుచేత ఇంటికి పంపక, ఇన్సులిన్ ఇస్తూ, పూటపూటా రక్తం చూస్తూ, ఆ మాత్రలు వేశారు. ఊరి డాక్టరు దగ్గరే ఉండి, ఎవరో చెప్పారని స్టిరాయిడ్ మాత్రలు నేనే కొనుక్కుని మింగి ఉంటే ఏమయ్యేదో! మూతపడని కంటికి పగలు చుక్కలు, రాత్రి మలాము, పైన కాగితపు ప్లాస్టరు. మూతి కంటే కన్ను ముఖ్యమని ఆమె నర్సులకు రోజూ చెప్పేవారు. రెప్ప వాలకపోతే కన్ను ఎండిపోతుంది, నల్లగుడ్డు మీద పుండు పడుతుంది, చూపే పోవచ్చు. మూతి వంకర బ్రతకనిస్తుంది.

శుభ శుక్రవారం నాడు ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. ఆవరణలోని గుడిలో మైకు పెట్టారు. కుడి చెవికి ఆ శబ్దం గుండెల్లో సమ్మెట కొట్టినట్టు వినబడింది. చెవిలోని చిన్న కండరానికి కూడా ఈ నరమే వెళుతుందట, అది పనిచేయకపోతే ప్రతి శబ్దమూ పెద్దదవుతుంది. చెవిలో దూది పెట్టుకుని ఏడు మాటలూ విన్నాను. ఐదవ మాట చెప్పినవాడు పద్దెనిమిదేళ్ళ నర్సింగు విద్యార్థి. నేను సిద్ధపడినదాంట్లో నాలుగోవంతు కూడా చెప్పలేదు. నాకంటే బాగా చెప్పాడు.

ఇంటికి వచ్చాక అసలు శ్రమ మొదలైంది. అన్నం కుడి బుగ్గలో నిలిచిపోయేది, వేలితో తీసుకోవాలి. పప్పుచారు కారిపోయేది. బడికి సెలవు పెట్టాను. ఆరాధనకు వెళ్ళి వెనుక కూర్చునేవాణ్ణి. ప్రభు భోజనం ఇచ్చే మొదటి ఆదివారం మాత్రం ఏదో వంకతో ఇంట్లో ఉండిపోయేవాణ్ణి. మే నెల అలా పోయింది. పాత్ర పెదవికి ఆనించగానే ద్రాక్షారసం గడ్డం మీదుగా కారుతుంది. అందరూ చూస్తారు. పైగా ఆ పాత్ర నా తరువాతివాళ్ళు త్రాగాలి.

ఇక్కడ రెండవది చెప్పాలి.

మా సంఘంలో ఒక తాత ఉండేవాడు. ఊరంతా తాత అనే పిలిచేవారు. కుష్ఠు రోగానికి మిషన్ ఆసుపత్రిలో ఉండి మందు తిని, నయమైపోయిందని కాగితం తీసుకుని 1987లో ఊరికి తిరిగివచ్చాడు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స అది. ఆ మందు మొదలుపెట్టిన కొద్ది కాలానికే రోగం ఒకరినుంచి మరొకరికి అంటడం ఆగిపోతుంది, పూర్తిగా తిన్నవారికి నయమవుతుంది. ఇవన్నీ ఆయన తెచ్చిన కాగితంలో ఉన్నాయి. ఊళ్ళో ఇంగ్లీషు చదివి అర్థం చెప్పగలవాణ్ణి నేనే. చదివాను కూడా. అయినా కొన్ని కుటుంబాలు పాత్ర దగ్గర సణిగాయి. ముగ్గురం పెద్దలం తాత ఇంటికి వెళ్ళాము. మెత్తగా మాట్లాడటం నాకు చేతనవును గనుక నన్నే మాట్లాడమన్నారు. అందరూ తీసుకున్నాక చివర నువ్వు తీసుకుంటే బాగుంటుందని, ఎవరి మనస్సూ నొచ్చుకోకుండా ఉంటుందని, చక్కని మాటలతో చెప్పాను. తాత "అలాగే మాస్టారూ" అన్నాడు. ఇరవై రెండేళ్ళు చివరనే నిలబడ్డాడు. పుట్టుగుడ్డివాడి కథ నన్ను పూర్తిగా ఆదరించకపోవడానికి కారణం ఇదే.

జూన్ మొదటి శనివారం సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోమంటే, నేను రెండోసారి అనేవరకు కూర్చోలేదు. నా కన్ను వంక చూసి, "రాత్రిపూట కట్టుకుంటున్నారా? గాలికి, దుమ్ముకి పగలు అద్దాలు పెట్టుకోండి. నాకు ముందే ఎవరూ చెప్పక ఒక కన్నులో పువ్వు వేసింది" అన్నాడు. తరువాత తన రెండో కన్ను చూపించాడు. ఆ రెప్పకూ రోగంలో కదలిక పోతే ఆపరేషను చేశారు. కణత దగ్గర నమిలే కండరం ఉంటుంది, దానిలో కొంత భాగాన్ని మలిచి రెప్పలకు కలుపుతారు. పళ్ళు బిగించినప్పుడల్లా కన్ను మూసుకుంటుంది. వేల్లూరు దగ్గర కరిగిరిలో ఇలాంటి ఆపరేషన్లు ఎన్నో జరిగాయి. డాక్టర్ పాల్ బ్రాండ్ గారు కుష్ఠు రోగుల చేతులను బాగుచేసిన సంగతి మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. ఆయన భార్య డాక్టర్ మార్గరెట్ బ్రాండ్ గారు వారి కళ్ళకోసమే పాటుపడ్డారు. "రెప్ప కొట్టాలని నేనే గుర్తుపెట్టుకుని పళ్ళు కొరుక్కోవాలి మాస్టారూ. నిమిషానికి ఇన్నిసార్లని నేర్పించారు" అని తాత పళ్ళు బిగించి చూపించాడు. కన్ను మూతపడింది. ఇరవై రెండేళ్ళుగా ఆయన ముఖం చూస్తున్నాను, ఆ కన్ను అలా పనిచేస్తోందని నాకు తెలియదు.

లేవబోతూ, "రేపు నా పక్కన నిలబడండి. చివర మనమిద్దరమే కదా, ఎవరూ చూడరు" అన్నాడు. ఎత్తిపొడుపు కాదది. నన్ను ఆదరించాలనే అన్నాడు.

మరునాడు అందరూ తీసుకుని వెళ్ళాక మేమిద్దరం మోకరించాము. నేను వేలితో పెదవిని మూసి పట్టుకుని త్రాగాను. అయినా రెండు చుక్కలు గడ్డంమీదికి కారాయి. తాత తన భుజంమీది తుండుగుడ్డ తీసి ఇచ్చాడు. తుడుచుకున్నాను. అయ్యగారు పాత్ర తాతకు అందించారు. ఆయన నేను త్రాగినచోటు చూసుకోకుండానే త్రాగాడు.

నరం నెమ్మదిగా కోలుకుంది. చాలామందికి కొన్ని వారాలలోనే నయమవుతుందంటారు, నాకు ఆగస్టు వచ్చేసరికి గాని నుదురు ముడతపడలేదు. కొద్ది లోపం మిగిలింది. నరం తిరిగి చిగిర్చేటప్పుడు కొన్ని పోగులు దారితప్పి వేరే కండరానికి అల్లుకుంటాయట. అందుకే ఇప్పటికీ నేను నవ్వితే కుడి కన్ను సగం మూసుకుంటుంది. మాస్టారు కన్ను కొడుతున్నారని ఆదివారపు బడి పిల్లలు నవ్వుతారు. షుగరుకు రోజూ మందు వేసుకుంటున్నాను. అరికాళ్ళు ప్రతి రాత్రీ దీపం వెలుతురులో మా ఆవిడ చూస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా తెల్లవారేసరికి మూతి వంకరపోతే పావురాల జోలికి పోకుండా ఆ పూటే పెద్ద డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. మాట తడబడినా, చెయ్యో కాలో తేలిపోయినా పూట కూడా ఆగవద్దు. షుగర్, బీపీ చూడమని మీరే అడగండి. మొద్దుబారిన మచ్చ ఉంటే దాచకండి. మన దేశంలో కుష్ఠు రోగం అదుపులోకి వచ్చిందని 2005 చివరలో ప్రకటించారు గాని, కొత్త కేసులు ఇంకా వస్తూనే ఉన్నాయి. మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

ఆ సెప్టెంబరులో పెద్దల కూటంలో నేను లేచి, 1987 నాటి మన తీర్మానాన్ని కొట్టివేద్దామన్నాను. కార్యదర్శి పాత మినిట్స్ పుస్తకాలు దుమ్ము దులిపి తెచ్చాడు. మూడు పుస్తకాలు తిరగేశాము. ఎక్కడా లేదు. మేము దాన్ని వ్రాసుకోలేదు, నోటితోనే చెప్పి వచ్చాము. కొట్టివేయడానికి ఏమీ దొరకలేదు.

కాబట్టి నేను మళ్ళీ తాత ఇంటికి వెళ్ళి, నోటితోనే చెప్పి వచ్చాను. ఈసారి చక్కని మాటలు రాలేదు. అక్టోబరు మొదటి ఆదివారం ఆయన మూడో వరుసలోనే లేచి వచ్చాడు గాని, అలవాటు చొప్పున బల్ల దగ్గర కొసన, పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి మోకరించాడు. మా ఆవిడ లేచి వెళ్ళి ఆ ఖాళీలో మోకరించింది.